నీళ్ళు కాచే హీట్ పంప్ మన ఇంటికి గిట్టుతుందా?



చలి మొదలైనప్పటి నుంచి గుంపులో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "హీట్ పంప్ అని కొత్త గీజరు వచ్చిందంట, కరెంటు మూడో వంతే తాగుతాదంట, ధర లక్ష దాకా అంట. పెట్టించుకోవచ్చా?" అని హోసూరు వైపు వాళ్ళూ అడిగారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు వాళ్ళూ అడిగారు. ఇంకొందరు "దాంతోనే పురుగుల షెడ్డు కూడా వెచ్చగా పెట్టుకోవచ్చా?" అన్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు లెక్కంతా ఇక్కడే పెడుతున్నాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. మేం వేసిన అంకెల చోట మీ ఇంటి అంకెలు వేసుకోండి. లక్ష రూపాయలంటే మనకు రెండు మూడు బ్యాచ్‌ల గూళ్ళ డబ్బు. ఊరికే మాట విని పెట్టే సొమ్ము కాదు.

*హీట్ పంప్ అంటే ఏమిటి?*

ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపలి వస్తువుల్లో ఉన్న వేడిని లాగి బయట పారేస్తుంది కాబట్టి అలా ఉంటుంది. హీట్ పంప్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే బయటి గాలిలో ఉన్న వేడిని లాగి ట్యాంకులో నీళ్ళకు ఇస్తుంది. గాలి మనకు చల్లగా అనిపించినా అందులో వేడి ఉంటుంది. కంప్రెసర్, గ్యాసు కలిసి ఆ వేడిని పోగు చేసి పైకి ఎత్తుతాయి. బోరుబావి మోటారు నీళ్ళను తయారు చేయదు, ఉన్న నీళ్ళను పైకి తెస్తుంది. ఇదీ అంతే, అందుకే పేరులో పంప్ అని ఉంది.

మామూలు గీజరు 1 యూనిట్ కరెంటు తీసుకుంటే 1 యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ 1 యూనిట్ తీసుకుని, గాలి నుంచి ఇంకో రెండు యూనిట్ల వేడి లాగి, మొత్తం 3 యూనిట్ల వేడి ఇస్తుంది. ఈ 3 అనే అంకెను కంపెనీ వాళ్ళు సీఓపీ అంటారు. కరపత్రంలో 4 అని కూడా రాస్తారు. అది గాలి వెచ్చగా ఉన్నప్పటి మాట. మన కోలారు, హోసూరు వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి 14, 15 డిగ్రీలకు దిగుతుంది. ఆ వేళలో నడిపితే అంకె తగ్గుతుంది. అదే మిషన్‌ను మధ్యాహ్నం నడిపి నీళ్ళు ట్యాంకులో దాచుకుంటే మంచి అంకె వస్తుంది. మేము లెక్కకు 3 తీసుకున్నాం.

*మన ఇంటికి ఎంత వేడి కావాలి?*

గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. 1 యూనిట్ కరెంటు 86 లీటర్ల నీళ్ళను 10 డిగ్రీలు వేడి చేస్తుంది.

ఆరుగురున్న ఇల్లు అనుకుందాం. పొద్దున తలా ఒక 20 లీటర్ల బకెట్టు. పురుగులు చివరి దశలో ఉన్నప్పుడు షెడ్డు నుంచి వచ్చినవాళ్ళు రాత్రి మళ్ళీ పోసుకుంటారు, పాత్రలకు, చిన్న పిల్లలకు కొంత. అంతా కలిపి పది బకెట్లు, అంటే 200 లీటర్లు. ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలు, ఒంటికి పోసుకునేవి 40 డిగ్రీలు. అంటే 18 డిగ్రీలు పెంచాలి. సూత్రం ప్రకారం రోజుకు 4.2 యూనిట్ల వేడి కావాలి. ట్యాంకు, పైపుల్లో పోయేది కూడా కలిపి 5 అనుకుందాం.

గీజరుకు రోజుకు 5 యూనిట్లు, నెలకు 150. హీట్ పంప్‌కు రోజుకు 1.7 యూనిట్లు, నెలకు దాదాపు 50. నెలకు 100 యూనిట్లు మిగులుతాయి. ఎండాకాలం మూడు నెలలు ఎవరూ వేడినీళ్ళు అడగరు కాబట్టి ఏడాదికి తొమ్మిది నెలలే లెక్క. 900 యూనిట్లు, యూనిట్‌కు 6 రూపాయలు వేస్తే 5,400 రూపాయలు.

ఇప్పుడు ధర. హీట్ పంప్ బిగించడంతో కలిపి 1,00,000, మంచి గీజరు 12,000 అనుకుందాం. తేడా 88,000. దాన్ని 5,400 తో భాగిస్తే 16 ఏళ్ళు వస్తుంది. మిషన్ 10 నుంచి 15 ఏళ్ళు నడిస్తే గొప్ప. అంటే ఆరుగురి ఇంటికి, మామూలు బిల్లు లెక్కలో, హీట్ పంప్ తన డబ్బు తాను తిరిగి తెచ్చుకోదు. అంగడివాళ్ళు చెప్పే "మూడో వంతు కరెంటు" మాట నిజమే, కానీ మూడో వంతు దేనికి అన్నది చూడాలి. వాడేదే తక్కువైతే మిగిలేదీ తక్కువే.

*కర్ణాటకలో ఒక మెలిక ఉంది*

అయితే గృహజ్యోతి ఉన్న ఇళ్ళలో లెక్క వేరేగా వస్తుంది. 2023 ఆగస్టు బిల్లు నుంచి వస్తున్న ఆ పథకంలో, 2022-23 లో మీ ఇంటి నెల సరాసరి వాడకానికి 10 శాతం కలిపి అంతవరకు ఉచితం. అది దాటి 200 లోపల ఉంటే దాటిన యూనిట్లకే డబ్బు. 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలి.

మీ సరాసరి 120 యూనిట్లు అనుకోండి. ఉచితం 132 వరకు. ఇప్పుడు కట్టెల మీద నీళ్ళు కాచుకుంటున్నారు, నెలకు 120 వాడుతున్నారు, బిల్లు సున్నా. గీజరు పెడితే 120 కి 150 కలిసి 270 అవుతుంది. 200 దాటింది కాబట్టి 270 యూనిట్లకూ కట్టాలి, 1,620 రూపాయలు. అదే హీట్ పంప్ పెడితే 170. కట్టాల్సింది 38 యూనిట్లకు, 228 రూపాయలు. నెలకు తేడా 1,392. తొమ్మిది నెలలకు 12,500 పైన. అప్పుడు 88,000 ఏడేళ్ళలో తిరిగి వస్తుంది.

కాబట్టి కర్ణాటకలో ఉన్నవాళ్ళు ముందుగా చూడాల్సింది అంగడి కొటేషన్ కాదు, మీ పన్నెండు నెలల బిల్లులు. చలికాలం నెలల్లో గీజరు మిమ్మల్ని 200 దాటిస్తోందా లేదా? దాటిస్తుంటేనే ఈ మిషన్ గురించి ఆలోచించండి. షెడ్డుకూ ఇంటికీ ఒకే మీటరైతే పురుగులున్న నెల, లేని నెల రెండూ చూడండి.

తమిళనాడులో రెండు నెలలకు ఒక బిల్లు, మొదటి 100 యూనిట్లు ఉచితం. రెండు నెలలకు 500 దాటితే రేట్ల పట్టీ మారిపోయి కింది యూనిట్లకు కూడా ఎక్కువ పడుతుంది. హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళు ఆ 500 గీత దగ్గర ఉన్నారా లేదా చూసుకోండి. ఒడిశా, మహారాష్ట్ర, యానాం వాళ్ళు మీ బిల్లులో ఆఖరి స్లాబు రేటు ఎంత ఉందో చూసి, మా 6 రూపాయల చోట అది వేసుకోండి. మిగిలేవి ఎప్పుడూ పై స్లాబు యూనిట్లే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పంపుసెట్టు కరెంటు ఉచితం కదా అని ఆ లైను నుంచి హీటరుకు తీగ లాగకండి. అది చట్టానికి విరుద్ధం. పైగా ఆ లైను రోజంతా ఉండదు, ఓల్టేజీ నిలకడగా ఉండదు, కంప్రెసర్ కాలిపోతే వారంటీ కూడా ఇవ్వరు.

*మల్బరీ కడ్డీలు ఊరికే వచ్చినవేనా?*

"మాకు కడ్డీలు ఊరికే వస్తాయి, కరెంటు దేనికి?" అని చాలామంది అంటారు. కొమ్మల మేత పద్ధతి వచ్చాక ప్రతి పంటకూ కడ్డీలు గుట్టలుగా మిగులుతున్నాయి. అండా కింద పెట్టడానికి అవే చాలు. నిజమే. డబ్బు లెక్కలో దీన్ని ఏ మిషనూ ఓడించలేదు.

కానీ ఊరికే వచ్చినదానికీ మూడు ఖర్చులున్నాయి.

మొదటిది పొగ. పొద్దున నాలుగున్నరకు లేచి అండా దగ్గర కూర్చునేది ఎవరు? ఇంటి ఆడవాళ్ళు. కళ్ళు మండడం, దగ్గు వాళ్ళకే. ఐదో దశలో రోజంతా మేత వేసి, చెత్త తీసి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవాలి. ఆ పొగ షెడ్డు కిటికీల వైపు పోతే పురుగులకూ మంచిది కాదు. గాలి చెడితే పురుగు మేత మానుతుందని మనందరికీ తెలుసు.

రెండోది రోగం. గ్రాసరీ, సున్నపుకట్టు వచ్చిన పంట కడ్డీలు, చెత్తతో సహా తెచ్చి షెడ్డు గోడ పక్కనే పేర్చుకుంటాం. క్రిమి అక్కడే ఉంటుంది. ఎంత బ్లీచింగ్ కొట్టినా గోడ అవతల నుంచి మళ్ళీ లోపలికి వస్తుంది. కడ్డీల గుట్ట షెడ్డుకు దూరంగా, గాలి వీచే దిక్కు చూసుకుని పెట్టాలి. రోగం వచ్చిన పంటవి ఎండబెట్టి నిల్వ చేయవద్దు, వెంటనే కాల్చేయండి.

మూడోది నేల. కడ్డీ కాలిస్తే బూడిద మిగులుతుంది. అందులో పొటాష్ ఉంటుంది కానీ నత్రజని, సేంద్రియం గాలికి పోతాయి. ముక్కలు చేసి పురుగుల చెత్తతో, పేడతో కలిపి గుంటలో వేస్తే ఎరువుగా తోటకే తిరిగి వస్తుంది. అయితే కడ్డీ గట్టిది, ముక్కలు చేసే మిషన్ లేకపోతే కుళ్ళడానికి చాలా కాలం పడుతుంది. ఊళ్ళో నలుగురు కలిసి ఆ మిషన్ బాడుగకు తెచ్చుకోగలిగితేనే ఈ మాటకు విలువ.

పొగ తగ్గించాలంటే హీట్ పంపే అక్కరలేదు. పొగగొట్టం ఉన్న బాయిలర్ పెట్టుకున్నా, పొయ్యికి గొట్టం కట్టించి షెడ్డుకు ఎదురు దిక్కుకు మార్చుకున్నా సగం బాధ తీరుతుంది. ఖర్చు లక్షలో చిన్న భాగం.

*సోలార్‌తో పోల్చి చూడాలి*

హీట్ పంప్‌కు అసలు పోటీ గీజరు కాదు, సోలార్ వాటర్ హీటర్. 200 లీటర్ల గాజు గొట్టాల సోలార్ 35,000 అనుకుందాం. గీజరు కంటే 23,000 ఎక్కువ. ఏడాదిలో వేడినీళ్ళు కావలసిన రోజుల్లో ఐదింట నాలుగు వంతులు ఎండే పని చేస్తుందనుకుంటే, రోజుకు సరాసరి 4 యూనిట్లు, తొమ్మిది నెలలకు 1,080 యూనిట్లు, 6,480 రూపాయలు మిగులుతాయి. మూడున్నరేళ్ళలో డబ్బు తిరిగి వస్తుంది. మూడో వంతు ధర, పైగా ఆదా ఎక్కువ.

సోలార్‌కు కావలసినవి: ఎండ పడే మిద్దె, దానికంటే ఎత్తులో నీళ్ళ ట్యాంకు, చెట్టు నీడ లేకపోవడం. నవంబరు, డిసెంబరుల్లో తుపాను మబ్బు పట్టి నాలుగైదు రోజులు ఎండ రాదు. ఆ రోజులకు కడ్డీల అండా ఉండనే ఉంది. సోలార్, దానికి తోడు మల్బరీ కడ్డీలు, ఈ రెండూ కలిస్తే చాలా పట్టు రైతుల ఇళ్ళకు సరిపోతుందని మా అభిప్రాయం.

హీట్ పంప్ ఎక్కడ ముందుకు వస్తుందంటే: పెంకుల ఇల్లు, రేకుల ఇల్లు అయి పైన సోలార్ నిలబెట్టే వీలు లేనప్పుడు, ఊరి మధ్య నీడ పడే ఇంట్లో, రాత్రీ పగలూ వేడినీళ్ళు అడిగే పెద్ద ఉమ్మడి కుటుంబంలో, పదిహేను ఇరవై మంది కూలీలు ఉండే చాకీ సెంటర్లో. రోజుకు 600 లీటర్లు వాడేచోట గీజర్లకు 15 యూనిట్లు, హీట్ పంప్‌కు 5. ఏడాదికి 300 రోజులకు 3,000 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 9 రూపాయల కమర్షియల్ మీటరైతే 27,000. పెద్ద మిషన్‌కు గీజర్ల కంటే 1,30,000 ఎక్కువ పెట్టినా ఐదేళ్ళలోపు తిరిగి వస్తుంది. అక్కడ ఇది మంచి పెట్టుబడి.

మిద్దె మీద కరెంటు సోలార్ పలకలు పెట్టించుకుంటున్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. 2024 లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000, 3 కిలోవాట్లు అంతకు మించి అయితే మొత్తం 78,000 సబ్సిడీ ఉంది. పలకలు కరెంటు ఇచ్చేది మధ్యాహ్నం, గాలి వెచ్చగా ఉండేదీ మధ్యాహ్నమే. అప్పుడు హీట్ పంప్ నడిపి నీళ్ళు నిల్వ చేసుకుంటే రెండు విధాల లాభం.

*షెడ్డు వెచ్చబెట్టడానికి పనికొస్తుందా?*

పనికిరాదు. ఎందుకో లెక్కతో చెబుతాం.

చాకీ పురుగులకు 27, 28 డిగ్రీలు, పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు కావాలి. 200 లీటర్ల ట్యాంకు నిండా 50 డిగ్రీల నీళ్ళున్నాయి, వాటిని పైపుల్లో తిప్పి 30 డిగ్రీలకు దించాం అనుకుందాం. అందులో నుంచి షెడ్డుకు వచ్చేది 4.6 యూనిట్ల వేడి. 2 కిలోవాట్ల రూమ్ హీటర్ రెండు గంటల ఇరవై నిమిషాలు నడిచినదానితో సమానం. చలి రాత్రి పది గంటలు ఉంటుంది. నీళ్ళు అయిపోయాక తెల్లవారుజామున, అసలు అవసరమైన వేళ, ఏమీ ఉండదు.

ఇంకో పొరపాటు చేయవద్దు. "ఎండాకాలం చల్లగాలి వస్తుంది కదా" అని హీట్ పంప్‌ను షెడ్డులోనే బిగించమని కొందరు మేస్త్రీలు సలహా ఇస్తారు. అది చలికాలంలో షెడ్డు వేడినే లాక్కుంటుంది, గాలిలో తేమ కూడా తీసేస్తుంది. మనమేమో చాకీకి 80, 85 శాతం, పెద్ద పురుగులకు 70, 75 శాతం తేమ పెట్టడానికి తడి గోనెలు కడుతుంటాం. ఎండాకాలంలో అది ఇచ్చే చల్లదనం రేకుల మీద పడే ఎండ ముందు లెక్కలోకి రాదు. అన్నిటికంటే ముఖ్యం, మనం కొట్టే బ్లీచింగ్, క్లోరిన్ డయాక్సైడ్ ఆవిరికి దాని రాగి గొట్టాలు, అల్యూమినియం రేకలు తినేసుకుపోతాయి. చల్లే సున్నం పొడి రేకల మధ్య పేరుకుని గాలి ఆడదు. షెడ్డుకు దూరంగా, ఇంటి వెనక, వాన పడకుండా, గాలి ఆడేచోట పెట్టించండి. కింద నీళ్ళు కారుతాయి, వాటికి కాలువ వదలండి.

షెడ్డు వెచ్చదనానికి ముందు చేయాల్సినవి చవకైనవి. రేకుల కింద గడ్డి లేదా ఫాల్స్ సీలింగ్, కిటికీలకు రాత్రి పరదాలు, తలుపు సందులు మూయడం, చాకీకి చిన్న గది విడిగా కట్టుకోవడం. ఇంత చేశాక ఎంత హీటర్ కావాలో చూడండి.

*కొనే ముందు అంగట్లో అడగాల్సినవి*

1. చలికాలం, గాలి 15 డిగ్రీలున్నప్పుడు సీఓపీ ఎంత? కాగితం మీద రాసివ్వమనండి.

2. ట్యాంకు నిండా వేడెక్కడానికి ఎన్ని గంటలు? హీట్ పంప్ నిదానం, మూడు గంటలు మామూలే. చుట్టాలు వచ్చినప్పుడు "వెంటనే" అంటే కుదరదు.

3. లోపల మామూలు హీటర్ కాయిల్ కూడా ఉందా? తొందర బటన్ నొక్కితే అదే నడుస్తుంది, అప్పుడు మీది గీజరే. ఇంట్లో అందరికీ ఆ బటన్ గురించి చెప్పి ఉంచండి.

4. ఓల్టేజీ ఎంతకు తగ్గితే ఆగిపోతుంది? సాయంత్రం మీ ఇంట్లో ఓల్టేజీ ఎంతుందో ముందే ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. తక్కువైతే స్టెబిలైజర్ ఖర్చు కూడా కలపండి. ఓల్టేజీ తగ్గితే గీజరు నిదానంగానైనా పని చేస్తుంది, కంప్రెసర్ మాత్రం ఆగిపోతుంది, లేదంటే పాడవుతుంది.

5. బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళయితే ట్యాంకు లోపల ఎన్నాళ్ళకు శుభ్రం చేయాలి? తుప్పు పట్టకుండా పెట్టే యానోడ్ కడ్డీ ఎన్నాళ్ళకు మార్చాలి, ఎంత అవుతుంది? మన లోతు బోర్ల నీళ్ళకు ఇది తప్పనిసరి ఖర్చు.

6. వారంటీ కంప్రెసర్‌కు ఎన్నేళ్ళు, ట్యాంకుకు ఎన్నేళ్ళు, రెండూ వేరువేరుగా అడగండి. రిపేరు మనిషి ఏ ఊరు నుంచి వస్తాడు, రాను పోను ఖర్చు ఎవరిది?

7. సబ్సిడీ ఉంది అని ఎవరైనా చెబితే అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు మీ టెక్నికల్ సర్వీస్ సెంటర్లోనో కరెంటు ఆఫీసులోనో అడిగి తెలుసుకోండి.

*చివరిగా ఒక మాట*

మేము చెప్పేది ఇది. కట్టెల మీద కాచుకునే ఇల్లయితే ముందు పొగ సంగతి చూడండి, చేతిలో డబ్బుంటే సోలార్ పెట్టండి. గీజరు ఉండి 200 గీత దాటుతున్న ఇల్లయితే సోలార్, హీట్ పంప్ రెండిటి లెక్కా పక్కపక్కన వేయండి. చాకీ సెంటర్, పెద్ద కుటుంబం, సోలార్‌కు చోటు లేని ఇల్లయితే హీట్ పంప్ ధైర్యంగా చూడొచ్చు.

కానీ షెడ్డులో ఇంకా మంచి స్ప్రేయర్ లేదు, ఊజీకి వల తలుపు లేదు, సీలింగ్ లేదు అంటే ఆ లక్ష ముందు అక్కడ పెట్టండి. 100 డీఎఫ్ఎల్ బైవోల్టిన్ బ్యాచ్‌కు 60 కిలోలు, కిలో 500 అనుకున్నా 30,000 రూపాయలు. ఒక్క బ్యాచ్ రోగానికి పోతే హీట్ పంప్ ఐదేళ్ళకు పైగా మిగిల్చేది ఒక్క నెలలో పోతుంది.

మీ బిల్లు చూసి లెక్క వేయడం కష్టమనిపిస్తే, పేరు, ఆర్ఆర్ నంబరు కనబడకుండా మూసి, నెలవారీ యూనిట్ల ఫోటో గుంపులో పెట్టండి. ఇంట్లో ఎంతమంది, నీళ్ళు ఎలా కాస్తున్నారు, మిద్దె ఉందా లేదా అన్నది కూడా రాయండి. కలిసి లెక్క వేద్దాం. ఇప్పటికే హీట్ పంప్ పెట్టించుకున్నవాళ్ళుంటే చలికాలం నాలుగు నెలల రీడింగ్ పంపండి, మిగతావాళ్ళకు ఉపయోగపడుతుంది.